జాడ వేట: వరంగల్ పిల్లలతో ఒక చలికాలం డైరీ

అక్టోబరు, చివరి ఆదివారం

ఈరోజు మొదలుపెట్టేశాం. మా బృందంలో ఇప్పుడు ఇరవై నాలుగు మంది పిల్లలు, ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా. పెద్దవాళ్లం ఆరుగురం. వారమంతా నేను బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాను, ఆదివారం మాత్రం వీళ్లది.

ఇన్నాళ్లూ మా ట్రెక్కింగ్ అంటే గుట్ట ఎక్కడం, పులిహోర తినడం, అంత్యాక్షరి ఆడుకుంటూ దిగడం. అందులో తప్పేం లేదు. కానీ పిల్లలు అసలు గుట్టను చూడటం లేదని నాకు చాలా రోజులుగా బాధగా ఉంది. ఎక్కుతున్నంతసేపూ ముందువాడి చెప్పులు చూస్తారు. పైకి చేరాక సెల్ఫీలో తమ మొహాలు చూసుకుంటారు. వాళ్ల కళ్లు నేల మీద, రాళ్ల మీద పడేలా ఏదైనా చెయ్యాలని అనుకుంటూ ఉండగా జీపీఎస్ వేట గురించి తెలిసింది.

ఆట చాలా తేలిక. ఒకచోట డబ్బా దాచిపెట్టి, ఆ చోటు అక్షాంశం, రేఖాంశం మాత్రం చెబుతాం. ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. దొరికితే లోపలి నోటుబుక్కులో పేరు, తేదీ రాసి డబ్బాను ఎలా ఉన్నది అలాగే పెట్టేయాలి. దీన్ని జియోకాషింగ్ అంటారు. పుట్టింది అమెరికాలో. అంతకుముందు అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపేది. 2000 మే 2న దాన్ని ఆపేసింది. మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర అడవి అంచున ఒక బకెట్ పెట్టి, ఆ అంకెలు ఇంటర్నెట్‌లో అందరికీ చెప్పాడు. ఇప్పుడు లోకమంతా ముప్పై లక్షలకు పైగా డబ్బాలున్నాయి. అక్కడి బాయ్ స్కౌట్లకు 2010 నుంచి దీనికో ప్రత్యేక బ్యాడ్జి కూడా ఉంది.

పిల్లలకు ఇదంతా చెప్పి "నిధి వేట" అని పేరు పెట్టాను. ఆ మాట వినగానే ఇరవై నాలుగు మొహాలూ వెలిగిపోయాయి.

నవంబరు, మొదటి ఆదివారం

ముందు ఫోన్ల సంగతి చూసుకోవాలి. ఇరవై నాలుగు మందికీ ఫోన్లు లేవు, ఉండాల్సిన అవసరమూ లేదు. నలుగురికి ఒకటి చొప్పున ఆరు జట్లకు ఆరు. అందరి ఇళ్లలో అల్మారాల్లో పడి ఉన్న పాత ఫోన్లు అడిగి తెచ్చాం. తెర పగిలినవి రెండు, సిమ్ లేనివి నాలుగు.

సిమ్ లేకపోతే జీపీఎస్ పనిచేయదనే చాలామంది అనుకుంటారు, మా వాలంటీర్లు కూడా అదే అన్నారు. పనిచేస్తుంది. ఫోన్ ఉపగ్రహాల మాట వింటుందే తప్ప వాటికి ఏమీ పంపదు. కాకపోతే ఇంటర్నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్‌కి ముందే తెలిసిపోతుంది, లేకపోతే ఆ వివరం కూడా ఆకాశం నుంచే నెమ్మదిగా దించుకోవాలి. ఉపగ్రహాలన్నింటి జాబితా ఒకసారి పూర్తిగా ప్రసారం కావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఏళ్లుగా అల్మారాలో ఉన్న ఫోన్ ఒకటి ఈరోజు స్కూల్ గ్రౌండ్‌లో పావుగంట పాటు "వెతుకుతోంది" అనే చూపించింది. పాడైపోయిందని పక్కన పెట్టబోతుంటే దానంతటదే చోటు చెప్పేసింది. అప్పటినుంచి మా నియమం ఒకటే: బయలుదేరడానికి అరగంట ముందే ఫోన్లన్నీ ఆకాశం కింద పెట్టాలి, చెట్టు కిందో వరండాలోనో కాదు. మ్యాపులు ముందే ఇంటి వైఫైలో దించుకోవాలి. మేం ఆర్గానిక్ మ్యాప్స్ వాడుతున్నాం, నెట్ లేకుండా నడుస్తుంది.

ఉపగ్రహాలు కనిపించే యాప్ ఒకటి తెరిచి పిల్లలకు చూపించాను. కొత్త ఫోన్ ఒకదాంట్లో మన నావిక్ ఉపగ్రహాలు కూడా వచ్చాయి, పక్కనే చిన్న మూడు రంగుల జెండాతో. 2013 జులై 1న మొదటిది శ్రీహరికోట నుంచే ఎగిరిందని చెబితే ఆ ఫోన్ చేతులు మారుతూ గ్రౌండంతా తిరిగింది.

ఇదెలా పనిచేస్తుందో చెప్పడానికి బోర్డు వాడలేదు, తాళ్లు వాడాను. గ్రౌండ్‌లో మూడు కర్రలు పాతి, ఒక్కో దానికి ఒక కొలత తాడు కట్టాం. మెరుపు కనిపించాక ఉరుముకి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పినట్టే, సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం ఎంత దూరమో ఫోన్ లెక్కేస్తుంది. ఆ దూరమే తాడు. మూడు తాళ్ల కొసలూ కలిసిన చోట నువ్వున్నావు. తర్వాత మూడు తాళ్లనూ ఒక్కో జానెడు పొడుగు చేసి మళ్లీ కలపమన్నాను. కలవలేదు. ఫోన్‌లోని చవక గడియారం చేసే తప్పు ఇదే, అన్ని తాళ్లనూ ఒకేలా సాగదీస్తుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే చాలు, 300 మీటర్లు పక్కకి పోతాం. ఆ జానెడెంతో పట్టుకోవడానికే ఇంకో ఉపగ్రహం కావాలి. అందుకే కనీసం నాలుగు. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే లెక్క చేతిలో తాడులా కనిపించేసరికి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి "మరి ఈ తాళ్లు గోడకి తగిలితే అక్కా?" అంది. నేను చెప్పాల్సిన తర్వాతి పాఠం అదే. గోడకో బండకో తగిలి తిరిగొచ్చిన సంకేతం దూరం ఎక్కువ చూపిస్తుంది. బండల పక్కన ఫోన్‌ని నమ్మకూడదు.

నవంబరు, రెండో ఆదివారం

ఈరోజు ఒక జట్టు ఫోన్ బాణం స్కూల్ గ్రౌండ్ దాటి, వరంగల్ దాటి, నైరుతిగా దాదాపు 50 కిలోమీటర్ల అవతలికి చూపించింది.

తప్పు మాదే. కాగితం మీద 17°57.3' అని డిగ్రీలు, నిమిషాల్లో ఇచ్చాం. పిల్లలు యాప్‌లో 17.573 అని కొట్టారు. 57.3 నిమిషాలు అంటే డిగ్రీలో 0.573 కాదు, 57.3ని 60తో భాగించాలి, 0.955 వస్తుంది. గడియారం నిమిషాల్లాగే. రేఖాంశంలోనూ అదే జరిగింది. ఫోన్ మాత్రం ఇచ్చిన అంకెలకు నిజాయితీగా దారి చూపించింది.

దీన్ని తిట్టి వదిలేయడం కన్నా పాఠం చేయడం మంచిదనిపించింది. నిమిషంలో వెయ్యో వంతు అంటే నేల మీద ఎంతో లెక్క కట్టించాను. అక్షాంశంలో ఒక నిమిషం 1.85 కిలోమీటర్లు. అంటే నిమిషాలను దశాంశం తర్వాత మూడు అంకెల దాకా రాస్తే, చివరి అంకె ఒకటి తప్పితే రెండు మీటర్ల లోపే. దాని ముందు అంకె తప్పితే పద్దెనిమిదిన్నర మీటర్లు. ఇంకో ముందుది తప్పితే 185. స్థాన విలువ అని మూడో తరగతి నుంచి చదువుతున్నదే, కానీ ఈరోజు కాళ్లతో నడిచి కొలిచారు.

ఇంకో చిన్న విషయం. రెండు ఫోన్ల బాణాలు పిచ్చిగా తిరుగుతుంటే కారణం అర్థం కాలేదు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ రెండింటికీ అయస్కాంతంతో మూసుకునే కవర్లున్నాయి. కవర్లు తీసేసి, ఫోన్‌ని గాలిలో ఎనిమిది ఆకారంలో తిప్పగానే బాణం కుదురుకుంది.

నవంబరు, మూడో వారం

డబ్బాల కోసం స్టీలు టిఫిన్ బాక్సులు కొనుక్కొచ్చాను. గట్టిగా ఉంటాయి, వానకు తడవవు, మూత బిగుతుగా పడుతుంది. మా బృందంలో పెద్దాయన ఒకరున్నారు, పోలీసు శాఖలో చేసి రిటైరైన మనిషి. ఆ బాక్సులు చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "అమ్మా, హైదరాబాద్‌లో 2007లో గోకుల్ చాట్, లుంబినీ పార్కు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్లు. ఆ తర్వాత మన దగ్గర ఎవరూ లేని టిఫిన్ బాక్సు కనిపిస్తే జనం ఏమనుకుంటారో ఆలోచించావా?"

ఆలోచించలేదు. బాక్సులన్నీ ఇంటికి పట్టుకెళ్లి వంటింట్లో పెట్టేశాను.

ఇప్పుడు లోపలి వస్తువులు బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు. పైన పెద్ద అక్షరాలతో "ఇది పిల్లల ఆట" అని, కింద మాలో ఇద్దరి ఫోన్ నంబర్లు. లోపల నోటుబుక్కు, పెన్సిల్ (పెన్ను ఎండకు కారుతుంది), ఒక రబ్బరు బొమ్మ. బస్టాండు, రైల్వే స్టేషన్, గుడి, బడి దగ్గర పెట్టకూడదు. ఎక్కడ ఏ డబ్బా పెట్టామో అంకెలతో సహా రాసి ఆ పరిధి పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక కాగితం ఇవ్వాలి. ఇలాంటి కార్యక్రమం చేయాలనుకునేవాళ్లు వేరే ఏం మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

నవంబరు, చివరి ఆదివారం, రాత్రి

ఇంకా చేతులు వణుకుతున్నాయి. అయినా ఈరోజే రాయాలి.

ఊరి పేరు రాయను. వరంగల్‌కి అరగంట దూరం. ఊరవతల చిన్న గుట్ట, పైన పాడుబడ్డ శివాలయం. పిల్లల్ని తీసుకెళ్లే ముందు డబ్బా ఒకటి పెట్టి అంకెలు తీసుకుందామని నేనూ ఇంకో వాలంటీరూ సాయంత్రం వెళ్లాం. డబ్బా పైకి కనిపించకూడదని చిన్న పార ఒకటి తీసుకెళ్లాను. గుడి వెనక, బండ పక్కన, జానెడు లోతు తవ్వాను. ఆమె ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతోంది. పొద్దు గుంకుతోంది.

వెనక నుంచి కేక వినిపించింది. "ఏం తవ్వుతున్నరు గాడ?"

తిరిగి చూస్తే భుజాన కంబళి, చేతిలో కర్రతో ఒక ముసలాయన. ఐదు నిమిషాల్లో ఇరవై మంది పోగయ్యారు. నేను "నిధి వేట అండీ, పిల్లల కోసం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇక వాళ్లకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఒకరు పార లాక్కున్నారు, ఒకరు ఫోన్ లాక్కున్నారు. ఆ ఫోన్‌లో ఉపగ్రహాలు, గీతలు, అంకెలు, ఎటో చూపించే బాణం. నేల కింద బంగారాన్ని కనిపెట్టే మిషన్ అనుకున్నారు.

ముసలాయన నా చెయ్యి పట్టుకుని గుడి ముందుకి లాక్కెళ్లాడు. అక్కడ ఒక నంది ఉంది. నల్లరాయి. నున్నగా, ఇప్పటికీ నూనె రాసినట్టు మెరుస్తోంది. కుడివైపు మాత్రం మూపురం నుంచి ముందుకాలి దాకా లేదు. పగిలిన చోట రాయి బూడిద రంగులో గరుకుగా ఉంది. దాని కింద నడుము లోతు గొయ్యి, నిండా తుమ్మకంప.

"రాత్రి అచ్చిన్రు. నంది కడుపుల బంగారముంటదన్నరట. గిట్ల పలగ్గొట్టి పోయిన్రు. మల్ల మీరచ్చిన్రా?"

ఆయన కళ్లలో కోపం కన్నా వేరేది ఎక్కువ ఉంది. నాకు నోట మాట రాలేదు.

సర్పంచి వచ్చి, డబ్బా తెరిచి, లోపల నోటుబుక్కు, రబ్బరు బొమ్మ చూసి, మా పెద్దాయనతో ఫోన్‌లో మాట్లాడాక వదిలిపెట్టారు. ఎవరూ మమ్మల్ని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. పొద్దు గుంకే వేళ గుడి వెనక పారతో తవ్వుతున్నవాళ్లు దొరికినా అంత ఓపిక పట్టారు. తప్పు వాళ్లది కాదు.

డిసెంబరు, మొదటి వారం

వారమంతా ఇదే ఆలోచన. ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ పెడితే అది ఆట. మన దగ్గర "నిధి" అంటే అలా ఉండదు. పేపర్లో రోజు మార్చి రోజు గుప్తనిధుల తవ్వకాల వార్తలే. పగిలిన నందులు, పెకలించిన శివలింగాలు, కోట గోడల కింద గోతులు. మన ఊళ్లలో నిధి వెతకడమంటే ధ్వంసం చేయడమే. అదే మాట పిల్లల నోట్లో పెట్టి, చేతికి ఫోనిచ్చి, పాత గుళ్ల చుట్టూ తిప్పాలనుకున్నాను నేను.

ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను, దాచలేదు. బ్రిటిష్ కాలంలో, 1878లో, నిధి నిక్షేపాల మీద ఒక చట్టం వచ్చింది. నేలలో దొరికింది పది రూపాయల విలువ దాటితే చాలు, కలెక్టరుకి తెలియజేయాలని అందులో ఉంది. అది కూడా చెప్పాను. "మరి దొరికిందే మనది కాకపోతే వెతకడం ఎందుకు అక్కా?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు, పక్కనే ఉన్న ఇంటర్ అమ్మాయి చెప్పింది: "మన డబ్బా కూడా మనది కాదు కదరా. చూసి, రాసి, పెట్టేసి వస్తాం."

పేరు మార్చాం. చాలా పేర్లు వచ్చాయి, చివరికి "జాడ" అందరికీ నచ్చింది. నియమాలు కూడా వాళ్లతోనే రాయించాను. తవ్వకూడదు, పార గానీ గునపం గానీ అసలు తేకూడదు. డబ్బా నేల పైనే ఉండాలి. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ముందే ఉండాలి. పొద్దు వాలాక వెళ్లకూడదు. చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టాలి, పాములూ తేళ్లూ ఉంటాయి కాబట్టి. ఒక్క రాయి కదిపినా తిరిగి అలాగే పెట్టాలి.

మర్నాడు సెలవు పెట్టి ఆ ఊరికి వెళ్లాను. పంచాయతీ ఆఫీసులో అరగంట కూర్చున్నాక ముసలాయన వచ్చాడు. క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. చాయ్ తాగుతావా అని మాత్రం అడిగాడు.

డిసెంబరు, మూడో ఆదివారం, ఖిలా వరంగల్

కోటలో ఒక్క డబ్బా కూడా పెట్టలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు అది, పెట్టకూడదు. ఇలాంటి చోట్లకు వేరే పద్ధతుంది. అంకెలు నిన్ను ఒక చోటికి తీసుకెళ్తాయి, అక్కడ డబ్బా బదులు ప్రశ్న ఉంటుంది. జవాబు అక్కడే నిలబడి కళ్లతో చూస్తే తప్ప దొరకదు, గూగుల్లో రాదు. ఆ జవాబే తర్వాతి చోటి అంకెల్లో ఖాళీని నింపుతుంది.

ప్రశ్నలు తయారుచేయడానికి నేనే రెండు రోజులు కోటలో తిరిగాను. చిన్నప్పటి నుంచి వస్తున్న చోటే. కానీ తోరణం మీది హంసలను నేనెప్పుడూ తల ఎత్తి లెక్కపెట్టలేదని ఆ రోజే తెలిసింది. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం అది, రోజూ ఏదో ఒక కాగితం మీద చూస్తూనే ఉంటాం.

పిల్లలు మట్టికోట దగ్గర మొదలుపెట్టి, అగడ్త దాటి రాతికోట ద్వారంలోకి వచ్చారు. రాతికోటకు 45 బురుజులు. ఏకశిల గుట్ట ఎక్కిన జట్టుకి అక్కడినుంచి గోడ గుండ్రంగా తిరగడం కనిపించింది. వాళ్ల ఫోన్‌లో వాళ్లు నడిచిన గీత కూడా అదే వంపు తిరిగింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్న పిల్లాడి మొహం చూడాలి. 1323లో ఢిల్లీ సేనలు ముట్టడించింది ఈ గోడనే అని పాఠంలో చదివాడు, ఈరోజు దాని కొలత తన కాళ్లకు తెలిసింది.

రెండు తప్పులు జరిగాయి. ఆరు జట్లనూ ఒకే చోటి నుంచి ఒకే వరుసలో పంపాను. వెనక అయిదు జట్లూ ఫోన్ చూడటం మానేసి మొదటి జట్టు వెనకే పరిగెత్తాయి. ఇకమీద ఒక్కో జట్టు ఒక్కో చోట మొదలుపెట్టి గుండ్రంగా తిరగాలి. రెండోది, ముందు ముగించినవాళ్లకు బహుమతి అన్నాను. దాంతో అందరూ పరుగే పరుగు, చూడటం ఎక్కడిది? ఒక జట్టైతే రైతు మిరప చేలో అడ్డంగా పడి పోయింది. రైతు దగ్గరికి వెళ్లి మాట్లాడి వచ్చాం. సమయానికి మార్కులు ఈరోజుతో బంద్. ఇక మార్కులు నోటుబుక్కులో ఏం రాశారన్న దానికే.

ఇంకో లోపం ఇంటికొచ్చి కాగితాలు చూసుకుంటే తేలింది. హంసల లెక్క తప్పు వేసిన జట్టు కూడా సరైన చోటికే చేరింది. జవాబును నిమిషాల చివరి అంకెలో పెట్టాను, అది తప్పితే రెండు మీటర్లే తేడా. ఆరుబయట కూడా ఫోన్ తప్పు అయిదు మీటర్ల వరకు ఉంటుంది కాబట్టి రెండు మీటర్లు అందులో కలిసిపోయాయి. సరిగ్గా చూసినవాళ్లకీ చూడనివాళ్లకీ తేడా లేకుండా పోయింది. జవాబు ఎప్పుడూ చివరి నుంచి రెండో అంకెలో ఉండాలి.

జనవరి, సంక్రాంతి తర్వాత

మా బాబాయి మామిడి తోట. ఇక్కడ మాత్రం నిజం డబ్బాలే, పన్నెండు పెట్టాం. తోటంతా అప్పుడప్పుడే పూత మీదుంది, కొమ్మలు కదిపితే ఊరుకునేది లేదని బాబాయి ముందే పిల్లలందరికీ చెప్పాడు. అందుకని ఒక్క డబ్బా కూడా చెట్టు మీద లేదు.

పొద్దున వెళ్లి చూసేసరికి మూడు డబ్బాలు కోతులు ఎత్తుకెళ్లాయి. వాటిలో వాలంటీరు ఒకరు పిల్లల మీద ప్రేమతో చాక్లెట్లు పెట్టారు. తినే వస్తువులు పెట్టకూడదని రాసుకున్న నియమం మా దగ్గరే ఉంది, పెద్దవాళ్లమే పాటించలేదు. మిగిలిన తొమ్మిదితో ఆట నడిపాం.

ఈరోజు అసలు చెప్పుకోవాల్సింది ఎనిమిదో తరగతి అబ్బాయి గురించి. వాళ్లింట్లో మేకలున్నాయి, బడి లేని రోజుల్లో వాడే మేపుకొస్తాడు. లెక్కల్లో వెనకబడ్డాడని వాళ్ల టీచర్ ఫిర్యాదు. ఆటలోనూ ఇన్నాళ్లూ ఫోన్ వాడి చేతికి ఎవరూ ఇవ్వలేదు, వాడూ అడగలేదు.

ఏడో డబ్బా తోట గట్టున పేర్చిన రాళ్ల కట్టలో ఉంది. జట్టు సరైన చోటికే వచ్చింది, ఫోన్ "3 మీటర్లు" అంటోంది. అక్కడినుంచి ఫోన్ పనికిరాదు. నలుగురిలో ముగ్గురు ఇంకా తెరనే చూస్తూ ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తున్నారు. వీడు మాత్రం గట్టు ముందు గొంతుక్కూర్చుని రాళ్లు చూస్తున్నాడు. రెండు నిమిషాలు కదల్లేదు. తర్వాత ఒక రాయి వైపు కర్ర చూపించాడు.

"గీ రాయి తిరగేసి ఉంది."

నేను దగ్గరికెళ్లి చూశాను. కట్టలోని రాళ్లన్నీ ఎండకీ వానకీ నల్లబడి, పైన తెల్లటి పెచ్చులు కట్టి ఉన్నాయి. ఆ ఒక్క రాయి మాత్రం ఎర్రగా, ఇంకా మట్టి అంటుకుని ఉంది. కిందివైపు పైకి వచ్చింది. అంచున చిన్న సాలెగూడు తెగి వేలాడుతోంది. వాడు కర్రతో తట్టి, ఏమీ లేదని చూసుకుని, రాయి పక్కకి జరిపాడు. వెనకాలే డబ్బా.

రాయి తిరిగి పెట్టేటప్పుడు వాడు నల్లవైపు పైకి పెట్టాడు. దాచిన మేమే చేయని పని అది.

"ఎట్ల తెలిసిందిరా?" అని అడిగితే, మేక తప్పిపోతే ఎటు పోయిందో రాళ్లను బట్టే తెలుస్తుందన్నాడు. జట్టులో పిల్లలు ఆ తర్వాత ప్రతి డబ్బా దగ్గరా ముందు వాడి వైపే చూశారు. ఉపగ్రహాలు పది అడుగుల దాకా తీసుకొస్తాయి. ఆ చివరి పది అడుగుల కోసమే నేనీ కార్యక్రమం మొదలుపెట్టాను, ఈరోజు అది నా కళ్లముందే జరిగింది.

ఫిబ్రవరి, రెండో ఆదివారం

మళ్లీ ఆ ఊరు. ఈసారి ఊరు పిలిస్తే వెళ్లాం. పంచాయతీ తీర్మానం చేశారు, కాగితం పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం, తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాం. ఊరి బడి పిల్లలు పన్నెండు మందిని కూడా జట్లలో కలిపాం.

గుట్ట మీద డబ్బాలు లేవు. చెరువు కట్ట మీద, సర్పంచి పొలంలో, బడి వెనక వేపచెట్టు మొదట్లో ఉన్నాయి. బడి దగ్గర పెట్టకూడదన్నది మా నియమమే. హెడ్మాస్టరే అడిగి పెట్టించుకున్నారు కాబట్టి ఆ ఒక్కటి ఒప్పుకున్నాం. గుట్ట మీద ఉన్నది ఒక్క ప్రశ్న. అది నేను రాయలేదు, ఇంటర్ అమ్మాయి రాసింది: "నంది మెడలో దండకు మిగిలిన గంటలు ఎన్ని?" జవాబు చివరి నుంచి రెండో అంకెలోకి వెళ్తుంది. అది చెరువు కట్ట మీది డబ్బాకు దారి.

ఆరు జట్లలో నాలుగు తొమ్మిది అన్నాయి. రెండు ఎనిమిది అన్నాయి. ఎనిమిది అన్నవాళ్లు డబ్బాకు దాదాపు పద్దెనిమిది మీటర్లు దక్షిణాన, కట్ట దిగువన తుంగలో వెతుక్కున్నారు. పావుగంట వెతికి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ గుట్ట ఎక్కారు.

నేను పైనే ఉన్నాను. ఆ రోజు మమ్మల్ని పట్టుకున్న కంబళి తాత కూడా ఉన్నాడు, పొద్దున్నుంచీ అక్కడే, కర్ర పక్కన పెట్టుకుని. పిల్లలు నంది ముందు కూర్చుని వేళ్లతో లెక్కపెడుతున్నారు. ఒకటి, రెండు... ఎనిమిది. మళ్లీ ఎనిమిది. తాత కాసేపు చూసి లేచి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నంది గంగడోలు కింద తడిమాడు. అక్కడ రాతి మడతలో, ఎండ పడని చోట, ఇంకో గంట ఉంది. చిన్నది. నాలుక కూడా చెక్కి ఉంది.

"తొమ్మిది," అన్నాడు. అని, ఆయనే కాసేపు ఆ గంట మీద వేలు ఉంచాడు.

ఊరి పిల్ల ఒకతి అడిగింది: "తాతా, పగిలిన పక్క ఎన్ని ఉండె?"

ఆయన పగిలిన వైపు చూశాడు. గొయ్యిలో తుమ్మకంప ఎండిపోయింది. "ఎన్నడు లెక్కవెట్టలే బిడ్డా," అన్నాడు. "గుడికి వచ్చినప్పుడల్లా మొక్కి పోతుంటిమి."

ఆ అమ్మాయి పెన్సిల్ తీసుకుని నోటుబుక్కులో తేదీ వేసింది. కింద రెండు వరుసలు రాసింది, నేను పక్కనుంచి చదివాను.

ఎడమ పక్క గంటలు: 9. తాత చూపించాడు.

కుడి పక్క గంటలు: ఎవరికీ తెలియదు.